ఎమ్యులేటర్‌లో పాస్, ఫోన్‌లో ఫెయిల్

పేరు వద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, ఇక్కడ కుదించి ఇస్తున్నాను.

ఆమె ఒక చిన్న కంపెనీలో టెస్టర్. మొదట్నుంచీ వెబ్‌సైట్లు టెస్ట్ చేసేవారు. మొబైల్ యాప్ పని ఈమధ్యే మీద పడింది. వేళకు మందులు వేసుకోమని గుర్తుచేసే ఆండ్రాయిడ్ యాప్ అది. టీమ్‌లో టెస్టర్ తనొక్కరే. టెస్టింగ్‌కి ఫోన్లు కావాలంటే మేనేజర్ "ఎమ్యులేటర్ ఉందిగా, ఏ ఫోన్ కావాలంటే ఆ ఫోన్ అందులోనే చేసుకోవచ్చు" అన్నారట (ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్). 8 జీబీ ర్యామ్ ఉన్న ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకుని, వేర్వేరు ఫోన్ల పేర్లతో ఆరు ఏవీడీలు (ఎమ్యులేటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్లు) చేసుకున్నారు. ఆరింటిలోనూ ఆండ్రాయిడ్ 14. ఒకటి తెరుచుకోవడానికే యుగం పడుతోంది, రెండోది తెరిస్తే మౌస్ కూడా కదలదు. డెవలపర్ బిల్డ్ (యాప్ కొత్త ప్రతి) పంపినప్పుడల్లా ఉన్న యాప్ మీదే కొత్తది ఇన్‌స్టాల్ చేసి, టెస్ట్ కేసులు ఒక్కొక్కటీ చూసి, పని అయ్యాక ఎమ్యులేటర్ మూసేస్తారు. మర్నాడు మళ్లీ అక్కడి నుంచే మొదలు.

పోయిన రిలీజ్‌కి "అన్నీ పాస్" అని రిపోర్ట్ ఇచ్చారు. రిలీజ్ అయిన కొద్ది రోజులకే "రిమైండర్ రావడం లేదు" అని ఫిర్యాదులు వరస కట్టాయి. మీటింగ్‌లో డెవలపర్ "టెస్టింగ్‌లో పాస్ అయ్యాకే కదా ఇచ్చాం" అన్నారు. మేనేజర్ ఏమీ అనలేదు, కానీ అందరూ తన వైపే చూశారట. ఇంకో టీమ్‌లోని సీనియర్ ఒకాయన "ఎమ్యులేటర్‌లో చేసేది అసలు టెస్టింగే కాదు" అని తేల్చేశారు. సొంత డబ్బుతో రెండు ఫోన్లు కొనుక్కోవాలా, ఎమ్యులేటర్ మానేయాలా, అసలు ఈ పనికి తను పనికొస్తారా అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: త్వరలో ఐఫోన్ యాప్ కూడా మొదలవుతోంది, "దానికీ ఎమ్యులేటర్ వాడేద్దాం" అని మేనేజర్ అప్పుడే అనేశారట.

మీ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఫోన్లు ఇవ్వని మేనేజర్ ఒకవైపు, ఎమ్యులేటర్‌ని లెక్కచేయని సీనియర్ ఇంకోవైపు. ఇద్దరిలో ఎవరి మాటా పూర్తిగా నిజం కాదు. అది ఎలాగో చూడాలంటే ముందు ఆ రిమైండర్ సంగతి తేల్చుకోవాలి. తప్పు మీదా, ఎమ్యులేటర్‌దా అన్నది ఆ తర్వాత.

మందుల రిమైండర్ ఫోన్‌లో రాకపోవడానికి కారణాలు ఎన్నో ఉండవు. మీ ఉత్తరంలోని వివరాలు చూస్తే నాకు నాలుగు కనిపిస్తున్నాయి. మీ యాప్ విషయంలో ఏది నిజమో డెవలపర్ కోడ్ చూసి చెప్పాలి. కానీ ఈ నాలుగింటినీ మీరే పరీక్షించవచ్చు, అందులో మూడు మీ ఎమ్యులేటర్‌లోనే.

మొదటిది అనుమతులు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాప్ నోటిఫికేషన్ చూపించాలంటే మనిషి "అనుమతించు" అని నొక్కాలి. ఆండ్రాయిడ్ 14లో దీనికి ఇంకోటి తోడైంది. సరిగ్గా అనుకున్న నిమిషానికి మోగే అలారానికి కావలసిన అనుమతి, ఆండ్రాయిడ్ 13 లేదా ఆపై వెర్షన్లను టార్గెట్ చేసిన (వాటికోసం తయారైన) చాలా యాప్‌లకు కొత్త ఇన్‌స్టాల్‌లో దానంతట అది రాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. మీరు ఈ రెండూ ఎప్పుడో మొదటి వారంలో ఇచ్చేసి ఉంటారు. ఉన్న యాప్ మీదే కొత్త బిల్డ్ వేస్తే పాత అనుమతులు అలాగే ఉంటాయి. అంటే కొత్తగా యాప్ దించుకున్న మనిషికి కనబడే తెర మీరు అప్పట్నుంచీ చూడనే లేదు. యాప్‌ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ వేసి, అనుమతి అడిగినప్పుడు ఒకసారి "వద్దు" అని నొక్కి చూడండి. యాప్ ఆ సంగతి మనిషికి చెబుతోందా, లేక నోరు మూసుకుని కూర్చుంటోందా? నాకైతే మొదటి అనుమానం ఇక్కడే.

రెండోది రీస్టార్ట్. ఫోన్ ఆపి మళ్లీ వేస్తే, యాప్‌లు పెట్టుకున్న అలారాలన్నీ ఆండ్రాయిడ్ చెరిపేస్తుంది. ఫోన్ ఆన్ అయిందన్న కబురు అందుకుని యాప్ వాటిని మళ్లీ పెట్టుకోవాలి. ఆ కోడ్ రాయడం మరిచిపోవడం చాలా మామూలు. మీరు రోజూ ఎమ్యులేటర్ మూసి తెరుస్తున్నారు కాబట్టి ఇది చూసినట్టే అనుకుని ఉంటారు. కానీ మామూలు సెట్టింగుల్లో ఎమ్యులేటర్ మూసేటప్పుడు ఉన్నదున్నట్టు స్నాప్‌షాట్ తీసుకుంటుంది, తెరిచినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. క్విక్ బూట్ అంటే అదే. లోపలున్న ఆండ్రాయిడ్‌కి తను ఆగిపోయిన సంగతే తెలియదు. మీ ఏవీడీ నిజంగా బూట్ అయి ఎన్నాళ్లయిందో! డివైస్ మేనేజర్‌లో ఏవీడీ పక్కనున్న మెనూలో "కోల్డ్ బూట్ నౌ" అని ఉంటుంది. రిమైండర్ పెట్టి, ఎమ్యులేటర్ మూసి, అలా కోల్డ్ బూట్ చేసి, యాప్‌ని ముట్టుకోకుండా ఎదురు చూడండి. ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే సాధనం) అలవాటుంటే "ఏడీబీ రీబూట్" అన్నా ఇదే పని జరుగుతుంది.

మూడోది డోజ్. ఆండ్రాయిడ్ 6తో 2015లో వచ్చింది. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆరి, కదలకుండా కొంతసేపు పడి ఉంటే సిస్టమ్ నిద్రలోకి జారుతుంది, మామూలు అలారాలను వెనక్కి నెడుతుంది. రాత్రి మంచం పక్కన పెట్టిన ఫోన్ పరిస్థితి ఇదే. మందుల యాప్ అసలు పని చేయాల్సిందీ అప్పుడే. మీ ఎమ్యులేటర్‌కి ఇది ఎందుకు ఎదురు కాలేదంటే, మనం చెప్పకపోతే అది ఎప్పుడూ ఛార్జర్ పెట్టిన ఫోన్‌లాగే నడుస్తుంది. మీరే చెప్పాలి. రిమైండర్ పెట్టుకుని, టెర్మినల్‌లో "ఏడీబీ షెల్ డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్" ఇవ్వండి. తెర ఆపేయండి. ఆపైన "ఏడీబీ షెల్ డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్" ఇస్తే ఎమ్యులేటర్ ఆ క్షణమే డోజ్‌లోకి పోతుంది. రిమైండర్ వేళకు వచ్చిందా లేదా చూడండి. అయ్యాక "డివైస్‌ఐడిల్ అన్‌ఫోర్స్", "బ్యాటరీ రీసెట్" ఇవ్వడం మరవకండి. లేకపోతే మర్నాటి టెస్టులన్నీ వింతగా ఫెయిలవుతాయి, సగం రోజు దాని వెనకే పోతుంది.

నాలుగోది ఎమ్యులేటర్‌కి అందదు. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో ఆండ్రాయిడ్ మీద సొంత నియమాలు పెడతాయి. ఈమధ్య తెరవని యాప్‌ని వెనక నడవనివ్వవు. కొన్నిటిలో ఈమధ్య తెరిచిన యాప్‌ల జాబితాలోంచి యాప్‌ని పక్కకు తోసేస్తే పూర్తిగా ఆపేసినట్టే, దాంతోపాటు అలారాలూ పోతాయి. మీ ఏవీడీలో ఉన్నది గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ ఇమేజ్. ఆ కంపెనీల మార్పులేవీ అందులో ఉండవు. ఏవీడీ చేసేటప్పుడు ఎంచుకునే ఫోన్ పేరు తెర కొలత, పిక్సెళ్ల సాంద్రత లాంటివాటిని మారుస్తుందంతే. కాబట్టి "ఏ ఫోన్ కావాలంటే ఆ ఫోన్ చేసుకోవచ్చు" అన్న మీ మేనేజర్ మాట తప్పు. మీ ఆరు ఏవీడీలూ నిజానికి వేర్వేరు తెరలున్న ఒకే ఫోన్.

ఫిర్యాదులు చేసినవాళ్లను డెవలపర్ చేతో, సపోర్ట్ వాళ్ల చేతో రెండే ప్రశ్నలు అడిగించండి: ఏ మోడల్, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్. అన్నీ ఒకటి రెండు కంపెనీల ఫోన్లే అయితే నాలుగో కారణం వైపు చూడాలి. అన్ని రకాల ఫోన్లూ ఉండి, 13, ఆ తర్వాతి వెర్షన్లవే ఎక్కువ కనిపిస్తే మొదటిది.

ఇక తప్పెవరిదన్న మాట. కోడ్ రాసింది మీరు కాదు, ఫోన్లు వద్దన్నదీ మీరు కాదు. కానీ "అన్నీ పాస్" అన్న రెండు మాటలు మీవి, మీటింగ్‌లో మిమ్మల్ని ఇరికించినవీ అవే. ఎక్కడ పాస్, ఏ స్థితిలో పాస్ అని ఆ రిపోర్ట్ చెప్పలేదు. చదివినవాళ్లు "అందరి ఫోన్లలోనూ పాస్" అని చదువుకున్నారు. వచ్చేసారి ఇలా రాసి చూడండి:

"రిమైండర్: ఆండ్రాయిడ్ 14 ఎమ్యులేటర్, కొత్త ఇన్‌స్టాల్, అనుమతులు ఇచ్చాక — వచ్చింది. రీబూట్ తర్వాత — వచ్చింది. డోజ్‌లో — ఆలస్యంగా వచ్చింది, బగ్ పెట్టాను. అసలు ఫోన్‌లో — చూడలేదు, ఫోన్ లేదు."

చివరి వాక్యం రాయడానికి చేయి వెనకాడుతుంది, తెలుసు. కొందరు మేనేజర్లకు అది సాకులా కనిపిస్తుంది, మొదట్లో చిరాకు పడవచ్చు కూడా. అయినా రిలీజ్‌కి ముందు ఆ వాక్యం వాళ్ల కళ్ల ముందు ఉంటే, చూడకుండానే ఇచ్చేద్దామా అన్న నిర్ణయం వాళ్లది అవుతుంది. ఇప్పుడు ఆ నిర్ణయాన్ని ఎవరూ తీసుకోలేదు, భారం మాత్రం మీ మీద పడింది. ఈ మాట మెయిల్‌లోనో టికెట్‌లోనో ఉండాలి. నోటిమాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు.

ల్యాప్‌టాప్ సంగతికి వద్దాం. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ కలిపి నడపడానికి 16 జీబీ ర్యామ్ కావాలని గూగులే తన పత్రాల్లో చెబుతోంది. మీకున్నది అందులో సగం. ర్యామ్ పెంచమని అడగడానికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు, ఆ పేజీ లింక్ మెయిల్‌లో పెట్టండి. అది వచ్చేదాకా చేయగలిగింది కూడా ఉంది. మీరు కోడ్ రాయరు కదా, స్టూడియోని తెరిచి ఉంచాల్సిన పనేముంది? ఏవీడీ ఒకసారి తయారయ్యాక "ఎమ్యులేటర్ -ఏవీడీ" అని దాని పేరు ఇచ్చి టెర్మినల్ నుంచే నడపవచ్చు. అప్పుడు స్టూడియో మింగే ర్యామ్ మీకు మిగులుతుంది.

ఒక్క ఏవీడీ తెరుచుకోవడానికే అంతసేపు పడుతోందంటే ర్యామ్‌తో పాటు ఇంకో అనుమానం కూడా ఉంది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్‌లో ఇంకోదాన్ని వేగంగా నడిపించే సదుపాయం) అండ లేకుండా నడుస్తోందేమో చూడండి. "ఎమ్యులేటర్ -యాక్సెల్-చెక్" అని కొడితే ఉందో లేదో చెబుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ దగ్గర కూడా "వర్చువలైజేషన్" అని కనిపిస్తుంది. అక్కడ "డిసేబుల్డ్" అని ఉంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే మూల సెట్టింగుల్లో) ఆన్ చేయించాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ కాబట్టి ఐటీ వాళ్లనే అడగండి. బయోస్‌లో ఆన్‌లోనే ఉన్నా చెక్ ఒప్పుకోకపోతే, విండోస్ ఫీచర్లలో "విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్" టిక్ పెట్టి రీస్టార్ట్ చేయాలి. పాత ట్యుటోరియల్స్ అన్నీ ఎమ్యులేటర్ వేగం కోసం ఇంటెల్ ఇచ్చిన హ్యాక్సమ్ ఇన్‌స్టాల్ చేయమంటాయి. ఇంటెల్ దాన్ని 2023లోనే వదిలేసింది, మీరు దాని జోలికి పోకండి.

ఆరు ఏవీడీలు మాత్రం తీసేయండి. మీ యాప్ ఒప్పుకునే అన్నిటికంటే పాత ఆండ్రాయిడ్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి, రెండు చాలు. రెండూ ఒకేసారి తెరవాల్సిన పని లేదు. తెర కొలతలు మార్చాలంటే ఉన్నదాంట్లోనే "ఏడీబీ షెల్ డబ్ల్యూఎం సైజ్", "డబ్ల్యూఎం డెన్సిటీ" వాడవచ్చు. డిస్క్‌లో చోటు కూడా మిగులుతుంది, ఒక్కో ఏవీడీ జీబీల లెక్కన తింటుంది మరి. ల్యాప్‌టాప్‌లోనే నడిచే టెస్ట్ సర్వర్‌కి యాప్‌ని కలపాల్సి వస్తే 127.0.0.1 ఇవ్వకండి, ఎమ్యులేటర్ అది తన సొంత చిరునామా అనుకుంటుంది. 10.0.2.2 ఇస్తే మీ ల్యాప్‌టాప్‌కి చేరుతుంది.

మీ సీనియర్ మాట నేను ఒప్పుకోను. డోజ్‌ని కోరిన క్షణాన తెప్పించడం, బ్యాటరీని 3 శాతానికి దించడం, పాడు చేసి మళ్లీ స్నాప్‌షాట్‌తో మొదటి స్థితికి తేవడం, యాప్ వాడుతుండగా దొంగ ఫోన్‌కాల్ రప్పించడం ఎమ్యులేటర్‌లో చిటికెలో పని. చేతిలో లేని ఆండ్రాయిడ్ వెర్షన్లన్నీ కూడా అందులోనే దొరుకుతాయి. ఆయన చెప్పిందాంట్లో నిజం ఎక్కడుందంటే, వేగం, వేడెక్కడం, బ్యాటరీ ఖర్చు, కెమెరా, బ్లూటూత్, ఫోన్ కంపెనీల సొంత నియమాలు. వీటి మీద ఎమ్యులేటర్ ఏం చెప్పినా నమ్మకండి. ముఖ్యంగా "యాప్ నెమ్మదిగా ఉంది" అని ఎమ్యులేటర్‌లో చూసి బగ్ పెట్టకండి, అది మీ ల్యాప్‌టాప్ నెమ్మది కావచ్చు.

ఫోన్లు సొంతంగా కొనాలా అని అడిగారు. కొనవచ్చు, మీకు ఆ స్తోమత ఉంటే నేర్చుకోవడానికి పనికొస్తుంది. కానీ రెండు సంగతులు ఆలోచించుకోండి. మీ ఫోన్ ఒకసారి ఆఫీసు పనికి దిగితే ఇక అది ఆఫీసు ఏర్పాటే అయిపోతుంది, ఫోన్ల అవసరం మేనేజర్ కంటికి మళ్లీ కనబడదు. రెండోది, టెస్ట్ బిల్డులు, టెస్ట్ లాగిన్లు మీ సొంత వస్తువులో ఉంటాయి. రేపు ఉద్యోగం మారితే వాటి లెక్క మీరు చెప్పాలి. సహోద్యోగుల ఫోన్లు అడిగి తీసుకోవడానికీ ఈ చిక్కు ఉంది, పైగా డోజ్ టెస్ట్‌కి ఒక రాత్రంతా ఫోన్ వదిలేసి వెళ్లమంటే ఎవరు వెళ్తారు?

అద్దె ఫోన్లు ఇంకో దారి. ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్ లాంటి చోట్ల నిజమైన ఫోన్ల మీద దూరం నుంచే టెస్టులు నడపవచ్చు, కొంతమేర ఉచితం కూడా. వేర్వేరు మోడళ్లలో యాప్ తెరుచుకుంటోందా, క్రాష్ అవుతోందా అని చూడటానికి బాగుంటుంది. కానీ అక్కడ ఒక్కో టెస్ట్‌కి ఇచ్చేది నిమిషాల లెక్కలో సమయం. రాత్రంతా పడి ఉన్న ఫోన్‌లో తెల్లవారి రిమైండర్ వస్తుందా అన్న మీ అసలు ప్రశ్నకు అది జవాబివ్వదు. మీ యాప్‌కి మాత్రం టేబుల్ మీద పడి ఉండే ఫోన్ ఒకటైనా కావాల్సిందే.

కాబట్టి నేనైతే ఆఫీసునే అడుగుతాను, ఈసారి వేరేలా. "ఫోన్లు కావాలి" అంటే ఎన్ని, ఏవి అన్న బెంగ మేనేజర్‌కి. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టేవాళ్లకు గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్‌లో మీ యాప్ వాడేవాళ్ల ఫోన్ మోడళ్లు, ఆండ్రాయిడ్ వెర్షన్లు కనిపిస్తాయి. మీకు అక్కడికి ప్రవేశం లేకపోతే డెవలపర్‌ని ఆ జాబితా అడగండి. దాన్ని ఫిర్యాదుల మోడళ్ల పక్కన పెడితే ఏ ఒక్క ఫోన్ కొంటే ఎక్కువమంది ఇబ్బంది తెలుస్తుందో బయటపడుతుంది. ఆ ఒక్కటే అడగండి. పాతదైనా, ఎవరో వాడి వదిలేసినదైనా సరే, నిజానికి మీకు అదే మేలు. అప్పుడూ వద్దంటే, రిపోర్ట్‌లో "చూడలేదు" అన్న వాక్యం అలాగే ఉంచి పని చేసుకుపోండి. దాన్ని తీసేయమని ఒత్తిడి పెడితే మాత్రం ఆ చోట ఎన్నాళ్లుండాలో ఆలోచించుకోవాల్సిందే.

ఈ పనికి పనికొస్తారా అన్నారు. బిల్డ్ ఎలా వేశారో, ఎమ్యులేటర్ ఎలా మూశారో, ఏ వెర్షనో ఎవరూ అడగకుండానే ఉత్తరంలో రాశారు. నాలుగు కారణాలు నేను ఊహించగలిగింది ఆ వివరాల వల్లే. బగ్ రిపోర్టులు కూడా ఇలాగే రాస్తుంటే మీ గురించి నాకు బెంగ లేదు.

చివరిగా ఐఫోన్. ఇది తేదీలు ఖాయమయ్యేలోపే తేల్చుకోవాలి, ఎందుకంటే మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐఫోన్ టెస్టింగ్ నడవదు. ఆపిల్ ఇచ్చే సిమ్యులేటర్ (ఐఫోన్‌కి ఎమ్యులేటర్ లాంటిది) ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌తో వస్తుంది, ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది. పైగా సిమ్యులేటర్‌లో యాప్ మ్యాక్ ప్రాసెసర్ మీద, మ్యాక్ ర్యామ్‌తో నడుస్తుంది కాబట్టి, వేగం, మెమరీ విషయాల్లో అది చెప్పేదానికీ ఐఫోన్ చెప్పేదానికీ పొంతన ఉండదు. యాప్ స్టోర్ నుంచి దించుకున్న యాప్ కూడా అందులో పడదు, దానికోసం ప్రత్యేకంగా చేసిన బిల్డే కావాలి. ఐఫోన్ యాప్ తయారీకి మామూలుగా మ్యాక్ కావాలి కాబట్టి డెవలపర్ దగ్గర ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అది వారంలో ఏ రోజుల్లో మీ చేతికి వస్తుంది, టెస్ట్ చేయడానికి ఐఫోన్ ఒక్కటైనా ఉంటుందా అని ఈ వారమే మెయిల్‌లో అడగండి.